క్యాబిన్ తియ్యని షెడ్డు

పికప్ బండికి ఇంజిన్ని తీసుకెళ్ళి క్యాబిన్ కింద సగం దూర్చిపెట్టిన పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం చేతికొక స్పానరిచ్చి, ఆ సందులో చెయ్యి పెట్టి వెనకాల ఉన్న బోల్టు విప్పేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వనని చెబుతాను. బల్ల మీద కాగితం పరుచుకుని గీసేటప్పుడు అతనికి ఇంజిన్ ముందు సగమే కనిపించినట్టుంది. వెనక సగాన్ని డ్రైవరు కాళ్ళ ముందుండే ఇనపగోడ కిందికి తోసేసి, చేతులు దులుపుకుని ఇంటికి పోయుంటాడు. అది పాడైతే విప్పాల్సినవాడు కూడా మనిషేనని, వాడి చెయ్యి ఎముకలతోనూ నరాలతోనూ చేసిందేనని అతనికి తట్టలేదు.

అతనొక్కణ్ణే తిట్టి ఊరుకుంటే అన్యాయమవుతుంది. ఎందుకంటే ఆ ఇబ్బందికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది. బోల్టులు విప్పి, స్టీరింగూ బ్రేకు గొట్టాలూ వైర్లూ ఊడదీసి, క్యాబిన్ మొత్తాన్ని లిఫ్టు మీద పైకెత్తేస్తే ఇంజిన్ పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. చుట్టూ తిరుగుతూ ఏ వైపునుంచి కావాలంటే ఆ వైపునుంచి పని చేసుకోవచ్చు. మా వీధిలో తక్కిన షెడ్లవాళ్ళందరూ అలాగే చేసుకుంటున్నారు. మేం మాత్రం చెయ్యం. ‘క్యాబిన్ తియ్యకుండానే ఇంజిన్ పని చేయబడును’ అని గుమ్మం మీద బోర్డే ఉంది. ఆ అక్షరాలు నాన్న దగ్గరుండి రాయించాడు. రంగు వెలిసినప్పుడల్లా దగ్గరుండి మళ్ళీ వేయిస్తాడు.

నాన్నని అందరూ పెద్దమేస్త్రి అంటారు. కళ్ళతో చూసి బోల్టు విప్పడం ఎవడైనా చేస్తాడని, చూడకుండా విప్పేవాడే మేస్త్రి అని ఆయన నమ్మకం. పనికి వచ్చినవాళ్ళకి ఆయన పెట్టే పరీక్ష కూడా అలాంటిదే. ఒక రేకు డబ్బాలో నట్లూ బోల్టులూ వాషర్లూ కలిపేసి పోసి, పైన గుడ్డ కప్పి, లోపల చెయ్యి పెట్టి దేని జోడు దానికి బిగించమనేవాడు. గుడ్డ తొలగించి తొంగిచూసినవాడికి మా షెడ్డులో చోటు లేదు. బండ్లవాళ్ళకి ఈ పద్ధతి మహా నచ్చింది. బండి తల తియ్యకుండా, ఒంటి మీద గీత పడకుండా పనైపోతే ఎవరికి చేదు? పెద్దమేస్త్రి చేతికి కళ్ళున్నాయని ఊరంతా చెప్పుకుంటుంటే ఆయన మీసం కింద నవ్వుకునేవాడు.

పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఎవరైనా ఆస్తి చూస్తారు, చదువు చూస్తారు, ముక్కూ మొహం చూస్తారు. మా నాన్న చేతులు చూశాడు. మా ఆయన షెడ్డుకి పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. సన్నగా, కొబ్బరిమట్టల్లా పొడుగాటి చేతులు. ఆ చేతులు చూసి షెడ్డులో అందరూ ‘బారెడు’ అని పేరు పెట్టారు. ఎవరి చెయ్యీ దూరని సందులో ఆయన చెయ్యి భుజం దాకా దూరడం చూసిన రోజే నాన్న నా పెళ్ళి ఖాయం చేసేశాడు. నేను అంతకుముందే మనసులో ఖాయం చేసుకున్నాను, అది వేరే సంగతి. అందుకే అప్పట్లో నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాన్న నాకు మొగుణ్ణి వెతకలేదు, షెడ్డుకొక పనిముట్టుని వెతుక్కున్నాడు.

నేను షెడ్డులో వైరింగ్ పని చూస్తాను. లైటు వెలగకపోయినా, హారన్ మోగకపోయినా, బండి తాళం తిప్పితే కిక్కురుమనకపోయినా నా దగ్గరికే రావాలి. మా అన్నయ్య ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు. షెడ్డులోనే పుట్టి పెరిగినా చేతికి గ్రీజు అంటని మనిషి. ఇనపసామాన్ల మధ్య తెల్లచొక్కా మాయకుండా బతకడం కూడా ఒక విద్యే అని మా ఆయన నవ్వేవాడు.

ఆ నవ్వే మనిషి చెయ్యి నెమ్మదిగా చచ్చిపోతోందని నేను గ్రహించేసరికి ఆలస్యమైంది. మొదట తిమ్మిరి అన్నాడు. చెయ్యి విదిలించి మళ్ళీ పనిలో పడేవాడు. తర్వాత టీ గ్లాసు జారింది. తర్వాత ఇంటి తాళం తిప్పలేక గుమ్మం ముందు నిలబడి నాకోసం ఎదురుచూశాడు. చిటికెన వేలూ దాని పక్క వేలూ తనవి కానట్టు ఉన్నాయని ఒకరోజు చాలా మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆ డాక్టరు ఆయన మోచెయ్యి మీద వేలితో తట్టి, ఇక్కడ నరం నలిగిపోయిందన్నాడు. మోచెయ్యి మడిచి ఇనుముకి ఆనించి చేసే పని వెంటనే మానెయ్యాలని, మానకపోతే చేతిలో పట్టు పూర్తిగా పోతుందని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పాడు. ఆ చివరి మాట డాక్టరు నా వంక చూసి చెప్పాడు. ఇంట్లో ఎవరు వినే మనిషో డాక్టర్లకి తెలిసిపోతుంది కాబోలు.

ఇంటికొస్తూనే అన్నయ్యతో చెప్పాను. క్యాబిన్లు తీసి పని చేద్దామని, లిఫ్టు ఎలాగూ ఉందని, అది అడుగు భాగం పనులకి తప్ప ఖాళీగానే పడి ఉందని బతిమాలాను. అన్నయ్య అంతా విని, బావ చెయ్యి తప్ప ఆ సందులో ఇంకెవరి చెయ్యీ దూరదు కదా అన్నాడు. నేను అడిగిందొకటి, అతను చెప్పిందొకటి. నాన్న దగ్గరికి వెళితే ఆయన నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుని, నూనె రాసి వేడినీళ్ళు పొయ్యమన్నాడు. చేతులున్నాక నొప్పులుండవా అన్నాడు. ఇక మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. మావగారి ముందు ఆయన నోట్లోంచి మాట రాదు. నేను మానెయ్యమంటే మరి ఎవరు చేస్తారంటాడు. ఇంతమంది మధ్య ఆ చేతి తరఫున మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. దానికి ఇంట్లో నాకొచ్చిన బిరుదు గయ్యాళి.

ఇలా నెట్టుకొస్తుండగా ఒకరోజు పొద్దున్నే కోళ్ళాయన వచ్చాడు. పికప్ బండి వెనక గంపలు పేర్చుకుని ఫారాలనుంచి అంగళ్ళకి కోళ్ళు తోలే మనిషి. బండి వెనకనుంచి నల్లటి పొగ, ముందునుంచి నూనె కాలిన వాసన. ఇంజిన్‌లోకి గాలి ఊదే టర్బోకి నూనె వెళ్ళే గొట్టం కారుతోంది. ఆ గొట్టం బోల్టు ఇంజిన్‌కి బాగా వెనకాల, ఇనపగోడకి ఆనుకుని ఉంటుంది. ఫారంలో కోళ్ళు ఎదురుచూస్తున్నాయని, వెంటనే చేసిపెట్టమని ఆయన ఒకటే తొందర. ఎక్కడికి తీసుకెళుతున్నాడో తెలిస్తే ఆ కోళ్ళంత నిదానస్తులు లోకంలో ఉండరని నేను మనసులో అనుకున్నాను. బోర్డు చూసి నమ్మి వచ్చానని, తలుపులూ అద్దాలూ కదలకూడదని కూడా చెప్పాడు. అన్నయ్య అలాగే అలాగే అని తల ఊపేసి, మా ఆయన్ని పిలిచాడు.

ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టాలి. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. అన్నయ్య, బోల్టు ఒక్కటే కదా బావా, పైపైన చూడు అన్నాడు. ఆయన మోచేతికి గుడ్డ చుట్టుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, బానెట్ ఎత్తి, ఇంజిన్ మీదకి వంగి చెయ్యి లోపలికి దూర్చాడు. చెంప రేడియేటర్ పట్టీకి ఆనింది. కళ్ళు మూసుకున్నాడు. ఆ సందులో పని చేసేటప్పుడు మా షెడ్డులో అందరూ కళ్ళు మూసుకుంటారు. తెరిచి లాభం లేదు కనక.

నేను పక్క బండిలో సీటు కింద ఫ్యూజులు చూస్తున్నాను. కాలుతున్న వాసన వచ్చింది. వైరు కాలుతోందనుకున్నాను. నా పనిలో కంటికంటే ముక్కే ముందు పసిగడుతుంది. కానీ ఆ వాసన వైరుది కాదు, రబ్బరుది కాదు, నూనెది కాదు. నేను తలెత్తి చూశాను. మా ఆయన మొహంలో నొప్పి ఛాయ లేదు. కోళ్ళాయన ఏదో అడుగుతుంటే తీరిగ్గా జవాబు చెబుతున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఆయన భుజం పట్టుకుని చెయ్యి బయటికి లాగాను. చిటికెన వేలి కిందనుంచి మణికట్టు దాకా అరచేతి అంచు కాలి, చర్మం తెల్లగా లేచిపోయింది. నిప్పులా కాలుతున్న టర్బో మీద ఆనించి ఉన్నాడు, ఎంతసేపటినుంచో. ఆయన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని నన్ను అడిగాడు.

“ఇదెప్పుడు తగిలింది?”

ఆ ప్రశ్న విన్నాక నా ఒంట్లో భయం పోయింది. కన్నీళ్ళు కూడా రాలేదు. కోపం ఒక్కటే మిగిలింది. చేతి మీద నీళ్ళు పోస్తూ, మందు రాస్తూ, కట్టు కడుతూ ఉన్నంతసేపూ నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి. నాన్న గుమ్మం పక్కన తన కుర్చీలోంచి ఇటు చూసి, కాస్త చూసుకుని చెయ్యాలి కదా అన్నాడు. చూసుకోవడానికి అక్కడేం కనబడుతుందని, కనబడకుండా చెయ్యడమే కదా నీ గొప్ప అని నేనన్నాను. ఆయన మొహం వీధివైపు తిప్పేసుకున్నాడు.

అప్పుడు మా అన్నయ్య నోరు విప్పాడు. పోనీలే, మధ్యాహ్నానికి ఇంజిన్ చల్లారుతుంది, అప్పుడు ఎడమచేత్తో ప్రయత్నిద్దాం బావా అన్నాడు. మా ఆయన సరే అన్నట్టు తల ఊపాడు. ఆ ఊపిన తలని చూసి నాకు ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. కుడిచెయ్యి అయిపోయింది, ఇక ఎడమది. అది కూడా అయిపోతే అప్పుడేం పెడతారు ఆ సందులో?

టెస్టరూ కటింగ్ ప్లయరూ తీసుకుని కోళ్ళాయన బండి ఎక్కాను. ఏదో చూస్తోందిలే అనుకున్నారు అందరూ. ముందు బ్యాటరీ వైర్లు తీశాను. తర్వాత డ్యాష్‌బోర్డు కింద పడుకుని, క్యాబిన్‌నుంచి ఇంజిన్‌కి వెళ్ళే వైర్ల సాకెట్లన్నీ ఒక్కొక్కటే ఊడదీశాను. లైట్లవి, మీటర్లవి, స్టార్టర్‌ది, పంపుది, ఏదీ వదల్లేదు. దేనికి ఏది అన్న గుర్తు ఏదీ పెట్టలేదు. నాకు అవసరం లేదు, నా చేతికి తెలుసు. నాకూ ఆ ఇంటి బుద్ధులే కదా వచ్చేది.

అన్నయ్య వచ్చి చూసేసరికి వైర్లన్నీ గుత్తులుగా కిందకి వేలాడుతున్నాయి. వాటివంకా నా వంకా చూసి నోరు తెరిచాడు.

“ఏం చేశావే ఇది?”

“క్యాబిన్ లేవాలంటే ముందు వైర్లు తియ్యాలి. తీశాను. తక్కినవి మీరు తియ్యండి.”

“తమాషాలొద్దు. మర్యాదగా పెట్టెయ్.”

“పెట్టను. క్యాబిన్ లేచి, పనై, మళ్ళీ దిగాకే పెడతాను. ఈలోపు ఎవరికైనా చేతనైతే పెట్టుకోండి.”

ఆ షెడ్డులో అది ఎవరికీ చేతకాదు. అన్నయ్య మింగలేక కక్కలేక నాన్న దగ్గరికి వెళ్ళాడు. కోళ్ళాయన లబోదిబోమన్నాడు. తల తీసిన బండి మళ్ళీ బండిలా ఉంటుందా, తలుపులు లొడలొడలాడవా అని నా మీదకి వచ్చాడు. ఆయన డ్రైవరు తలుపు ఇప్పటికే తాడుతో కట్టి ఉంది. ఆ తాడు చూపించి, మేం దింపేటప్పుడు కొత్త తాడు కట్టి ఇస్తాంలే అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

నాన్న కుర్చీలోంచి లేవలేదు. వైర్లు పెట్టెయ్యమని అక్కణ్ణుంచే చెప్పాడు. ఆయన ఒకసారి చెప్పాక షెడ్డులో రెండోసారి చెప్పే అవసరం వచ్చిన గుర్తు నాకు లేదు. ఆ రోజు వచ్చింది. ఈ షెడ్డు నేను పెట్టిందన్నాడు. పెట్టావు నాన్నా, చెయ్యి మాత్రం ఆయనది అన్నాను. అయితే ఆ బండిని ఇంకో షెడ్డుకి పంపించెయ్యమని అన్నయ్యతో అన్నాడు. అది స్టార్టవదని అన్నయ్య గొణిగాడు. మరైతే తోసుకుంటూ తీసుకెళ్ళండి, పెద్దమేస్త్రి కూతురు వైర్లు పీకేసిందని అక్కడ చెప్పండి, వాళ్ళూ క్యాబిన్ ఎత్తాకే పని చేస్తారు అని నేను అందుకున్నాను. కోళ్ళాయనే ముందు దారికొచ్చాడు. కట్టు కట్టిన చేతివంక చాలాసేపు చూసి, చొక్కా విప్పి బండి మీద పడేసి, ఏది విప్పాలో చెప్పమని మా ఆయన్ని అడిగాడు. బండి సొంతదారే దిగాక అన్నయ్యకి దిగక తప్పలేదు.

మాలో ఎవరూ ఎప్పుడూ చెయ్యని పని అది. మా ఆయన బండి చుట్టూ తిరుగుతూ ఎడమచేత్తో చూపిస్తుంటే వాళ్ళిద్దరూ విప్పారు. స్టీరింగ్ జాయింటు, బ్రేకు గొట్టాలు, నీళ్ళ గొట్టాలు, గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేకు తీగ. బండికి ఏసీ లేక, దాని గొట్టాలు విప్పే పని తప్పడం ఒక్కటే మాకు కలిసొచ్చింది. సీట్ల కింద పరిచిన పట్టా లేపితే బోల్టు తలలు కనబడకుండా కోడి ఈకలు పేరుకుపోయి ఉన్నాయి. బోల్టులు తుప్పుపట్టి మొండికేస్తే అన్నయ్య పొడుగు రాడ్డు తగిలించి తన బరువంతా వేశాడు. ఒక్కొక్కటీ కీచుమని వదిలినప్పుడల్లా ఈకలు లేచి ఆ తెల్లచొక్కాకి అంటుకున్నాయి. సాయంత్రానికల్లా అన్నయ్య, కోళ్ళు కూడా చూసి దగ్గరి చుట్టం అనుకునేలా తయారయ్యాడు. మామూలు రోజైతే నేను కడుపుబ్బ నవ్వేదాన్ని.

లిఫ్టు చేతులు క్యాబిన్ అంచుల కింద సర్ది, నేను మీట నొక్కాను. క్యాబిన్ ఒక్క మూలుగు మూలిగి కింది ఛాసిస్ చట్రంనుంచి విడివడింది. నాన్న మాకు వీపు పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చునే ఉన్నాడు. క్యాబిన్ జానెడు లేచిందో లేదో ఎక్కణ్ణుంచో సన్నగా, తీగ సాగదీసినట్టు చప్పుడు వచ్చింది. మాకెవరికీ అదేంటో అర్థం కాలేదు.

“ఆపు. జడ తియ్యలేదు” అన్నాడు నాన్న, వెనక్కి తిరక్కుండానే.

నేను ఆపేశాను. మా ఆయన ఒక్కడికే ఆ మాట తెలిసింది. క్యాబిన్ కాస్త దింపించి, టార్చి వేయించి, ఇనపగోడకీ ఇంజిన్ వెనక్కీ మధ్య సాగి ఉన్న తీగని చూపించాడు. రాగి పోగులు అల్లిన వెడల్పాటి పట్టీ, అచ్చం జడలాగే ఉంది. ఎర్తు తీగ అది. ఎర్తు తీగ నా పనే. అయినా అక్కడొకటి ఉందని నాకే తెలియదు. ఎవరూ ఎన్నడూ కళ్ళతో చూడని చోటు కావడంతో మా షెడ్డులో అదొక చేతి గుర్తుగానే మిగిలిపోయింది. చేతికి జడలా తగిలేది జడ. బోల్టు పైన పొడుచుకొచ్చినట్టు తగిలేది ముక్కు. గుండ్రంగా వంగి తగిలేది చెవి. ఆ చీకటి సందులో మామా అల్లుళ్ళు ఒక సంసారాన్నే పెట్టుకుని, వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. జడ విప్పేశాక మళ్ళీ మీట నొక్కాను. క్యాబిన్ ఏ చప్పుడూ లేకుండా మా తలలు దాటి పైకి వెళ్ళింది.

ఇంజిన్ మొత్తం బయటపడింది. వెనక సగం ముందు సగమంత మామూలుగా ఉంది. దుమ్మూ నూనే కలిసిన జిడ్డు, నాలుగు గొట్టాలు, కొన్ని బోల్టులు. ఇంతకాలం మా ఇంటిని ఆడించింది ఇదా అనిపించింది. ఎప్పుడు లేచాడో గానీ నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, వంగి, ముక్కుని చూశాడు, చెవిని చూశాడు, ఊడదీసిన జడని ఎడమచేత్తో పట్టుకుని చూశాడు.

మా ఆయన స్పానరు తియ్యబోతే నేను లాక్కుని అన్నయ్యకిచ్చాను. నాకు రాదన్నాడు. చెయ్యి పెట్టి తిప్పడమేనన్నాను. ఆ పొట్టి చేతులతో, బొద్దు వేళ్ళతో, ఒక కాలు చక్రం మీద పెట్టుకుని అన్నయ్య బోల్టుకి స్పానరు తగిలించి తిప్పాడు. అది వచ్చేసింది. పగిలిన వాషరు తీసి కొత్తది వేసి మళ్ళీ బిగించేశాడు. అంతే. ఇంతేనా అని అతనే బిత్తరపోయి మా మొహాలు చూశాడు. గెలిచినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు, ఒళ్ళు మండిపోయింది. అది కష్టమైన పనైతే, ఆ చేతికి బదులు ఏదో గొప్పది దక్కిందని సర్దుకునేదాన్ని. గ్రీజు ముట్టని మనిషి నిలబడి చేసెయ్యగల పని కోసం నా మొగుడి చెయ్యి పోయింది.

నాన్న ఆ బోల్టువైపు చూడటం మానేసి అల్లుడి దగ్గరికి వెళ్ళాడు. కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని, కట్టుకి బయట ఉన్న చిటికెన వేలినీ దాని పక్క వేలినీ మెల్లగా నొక్కి చూశాడు.

“నీకూ ఈ రెండేనా?” అని అడిగాడు.

“అవును మావయ్యా. ఈ రెండే” అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఎక్కడో కాస్త గర్వం కూడా ఉంది. అది నా చెవిలో పడింది.

నాన్న తన కుడిచెయ్యి తెరిచి అల్లుడి చెయ్యి పక్కన పెట్టాడు. ఆ రెండు వేళ్ళూ అరచేతిలోకి వంగిపోయి ఉన్నాయి. చాపబోయినా సాగలేదు. ఆ వంపు నేను రోజూ చూస్తున్నదే. వయసు అనుకున్నాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే నాన్న చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. ముసలాళ్ళకి ముద్దు తీరలేదని నేనూ అన్నయ్యా చాటున నవ్వుకునేవాళ్ళం. అమ్మ పోయాక నాన్న గుండీల చొక్కాలు వదిలేసి బనియన్ల మీదే ఉండిపోయాడు. దుఃఖం అనుకున్నాం. ఇద్దరూ కలిసి ఆ రెండు వేళ్ళ సంగతి మా కంటపడకుండా దాచుకున్నారు.

“ఎప్పటినుంచి?” అన్నాను.

“నువ్వు పుట్టకముందునుంచి.”

“అంటే తెలిసే ఆయన చెయ్యి అందులో పెట్టించావా?”

నాన్న నా మొహం చూడలేదు. ఆ రెండు చేతులవంకే చూస్తూ నెమ్మదిగా చెప్పాడు.

“ఈ పనిలోకి దిగాక అందరికీ పోతాయనుకున్నానమ్మా. పని చేత్తో నేర్చుకున్నవాడికి అలాగే అవుతుందనుకున్నాను.”

నాన్న దగ్గర కొన్నాళ్ళు చేసి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఆ డబ్బా పరీక్షలో నెగ్గినవాళ్ళే, మంచి పనివాళ్ళే, ఉన్నట్టుండి ఒకరోజు నుంచి రావడం మానేసేవారు. ఒళ్ళు వంగని సోమరిపోతులని మా ఇంట్లో వాళ్ళందరికీ పేరు. వాళ్ళలో ఒకతను ఇప్పుడు సంత దగ్గర గొడుగులు అమ్ముతాడు. మొన్నీమధ్య నేను గొడుగు కొంటే అది ఎలా తెరవాలో చూపించకుండా నా చేతికే ఇచ్చి, మీరే తెరుచుకోండమ్మా అన్నాడు. పొగరు అనుకుని తిట్టుకుంటూ వచ్చాను.

“అందరికీ పోవు నాన్నా. నువ్వు లోపల చెయ్యి పెట్టించినవాళ్ళకే పోయాయి” అన్నాను.

అన్నయ్య చేతిలో స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోళ్ళాయన చొక్కా తెచ్చుకునే నెపంతో అవతలికి వెళ్ళాడు. మా ఆయన కళ్ళతోనే నన్ను వారించాడు, చాల్లే అన్నట్టు. నాకు చాలలేదు. నాన్న ఆ చేతిని వెనక్కి తీసుకుని ప్యాంటు జేబులో పెట్టుకోబోయాడు. వంగిన వేళ్ళు జేబు అంచుకి తట్టుకుని లోపలికి వెళ్ళలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నేను పక్కనే ఉన్నాను, సాయం చెయ్యలేదు.